వంటగది కిటికీకి ఎదురుగా

పెళ్లి హాలు మధ్యలో నిలబడి ముగ్గురు మూడు వైపులకి వేళ్లు చూపిస్తుంటే, పెళ్లికూతురు మాత్రం నాలుగో వైపు చూస్తోంది.

పెళ్లికూతురి మేనమామ వేలు గేటు వైపు. కాబోయే అత్తగారి వేలు స్టేజీ వైపు. డెకరేషన్ ఆయన వేలు పైకప్పు వైపు. పైనుంచి పూలు వేలాడదీయడమంటే ఆయనకి పిచ్చి. చేతిలో ఉన్న డబ్బుకి మాత్రం వీటిలో ఒక్కటే అవుతుంది, గట్టిగా బేరమాడితే ఒకటిన్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పెట్టాలన్నదే పొద్దుట్నుంచీ తెగని పంచాయితీ.

"గేటు చూసే మనమేపాటి వాళ్లమో అంచనా వేస్తారమ్మా జనం. అది బోసిగా ఉంటే నా పరువేం కాను?" అన్నాడు మామయ్య. పెళ్లి ఎవరిదైనా సరే, పోయే పరువు మాత్రం ఎప్పుడూ ఆయనదే.

"ఫొటోలు తీసేది స్టేజీ మీద కదా అన్నయ్యగారూ. ఆల్బమ్ తిరగేస్తే గేటు కనిపిస్తుందా, పిల్లల వెనకాల గోడ కనిపిస్తుందా?" అంది అత్తగారు, మెత్తగానే. మెత్తగా మాట్లాడేవాళ్లతో గెలవడం మహా కష్టం. మామయ్య మొహం మాడ్చుకుని గేటు దాకా వెళ్లి, దాన్ని ఒకసారి తడిమి వచ్చాడు.

"నువ్వేమంటావే పిడుగూ?" అని అడిగాడు. ఆ అమ్మాయికి అసలు పేరు వేరే ఉందిలెండి. చిన్నప్పుడు పిన్ని పెట్టిన ఈ పేరే ఖాయమైపోయింది. పిడుగు అన్నందుకు గట్టిగా అరుస్తుందేమో అనుకునేరు. అరవదు. అనుకున్నది చేసేస్తుంది, అంతే.

పిడుగు చూస్తున్నది హాలు వెనకాల ఉన్న భోజనాల గది తలుపు వైపు. ఆ గది అవతల వంటగది. ఆ వంటగదిలో పెద్ద వంటమనిషి పిన్ని. పిడుగు తల్లి పోయిన దగ్గర్నుంచీ, తండ్రి తన దారి తాను చూసుకున్న దగ్గర్నుంచీ, ఈ వంటగది పొయ్యిల వేడిలోనే పిన్ని ఈ పిల్లని పెంచింది. గిన్నెల మధ్య కూర్చోబెట్టి చదివించింది, బస్టాండులో టికెట్ కౌంటర్ ఉద్యోగం వచ్చేదాకా వెంటబడింది. ఇప్పుడు ఈ హాలు తక్కువలో దొరికిందంటే అది కూడా పిన్ని మొహం చూసే. పిడుగుకి ఈ పెళ్లిలో కావలసింది ఒక్కటే. తన పక్కన పిన్ని నిలబడాలి.

పెళ్లి జరిపించే పెద్దాయన ముందు అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పక్కన నిలబడి "మాకు సమ్మతమే" అనాలి. అబ్బాయి తరఫున వాళ్లమ్మ ఉంది. అమ్మాయి తరఫున పిన్ని కాక ఇంకెవరుంటారు? కానీ పిన్ని ససేమిరా అంటోంది.

"నా పిల్ల పెళ్లికి పరాయి చేతి వంట పెట్టిస్తానా? నా ఒంట్లో ఊపిరి ఉండగా జరగదు. పక్కన మామయ్య నిలబడతాడులే."

"మామయ్య తన పరువు పక్కన నిలబడతాడు గానీ నా పక్కన కాదు. అయినా వంటగదిలో ఉంటే నా పెళ్లి ఎలా చూస్తావ్?"

"ప్లేట్లలో చూస్తాలే," అంది పిన్ని.

ఇది చెప్పకపోతే ముందు కథ నడవదు. భోజనాల గదికీ వంటగదికీ మధ్య గోడలో వెడల్పాటి కిటికీ ఒకటుంది. వండినవి అందులోంచే బయటికి వెళ్తాయి, తిన్న ప్లేట్లు అందులోంచే లోపలికి వస్తాయి. జనం కంటపడకుండా దానికెప్పుడూ ఒక తెర. ఇన్నేళ్లలో పిన్ని ఒక్క పెళ్లీ కళ్లారా చూడలేదు. తిరిగొచ్చిన ప్లేట్లు చూసి ఆ పెళ్లి ఎలా జరిగిందో చెప్పేస్తుంది, అంతే. చెబితే తప్పు పోయేది కాదు.

"కడిగినట్టున్న ప్లేటు వచ్చిందనుకో, అది ఆకలి," అని చెప్పేది, పిడుగు చిన్నగా ఉన్నప్పుడు, చెరో స్టూలు మీదా కూర్చుని. "అన్నీ ఏరి పక్కకి నెట్టేసిన ప్లేటు వచ్చిందా, అది వంక. వంట మీద వంక కాదు, పెళ్లివాళ్ల మీద. మరి అన్నీ పెట్టించుకుని, రెండు ముద్దలు తిని, మిగతాది చల్లారిపోయి వచ్చిందనుకో?"

"బాగోలేదని వదిలేశారు."

"కాదే పిచ్చిమొహమా. అది కబుర్లలో పడి తిండి మర్చిపోయిన ప్లేటు. అలాంటివి ఎన్ని వస్తే ఆ పెళ్లి అంత బాగా జరిగినట్టు."

"కష్టపడి వండింది వదిలేస్తే నీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? తిట్టుకుంటూ సంతోషపడతా."

ఇదీ పిన్ని. ఇలాంటి మనిషిని వంటగదిలోంచి బయటికి లాగడం అయ్యే పనేనా చెప్పండి.

ఆ రోజు పిన్ని కూరగాయల బజారుకి వెళ్లింది. ముగ్గురినీ వాళ్ల వేళ్లకి వదిలేసి పిడుగు మెల్లగా వంటగదిలోకి నడిచింది. పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, పెద్ద పెద్ద గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పిన్ని రోజూ నిలబడే చోట నేల నున్నగా అరిగి ఉంది. పిడుగు సరిగ్గా అక్కడ నిలబడి, తెర పక్కకి జరిపి, కిటికీలోంచి చూసింది.

స్టేజీ కనిపించలేదు. గేటు సంగతి సరేసరి. కనిపించిందల్లా వరసగా బల్లలు, వాటి అవతల ఖాళీగా ఉన్న ఎదురు గోడ. రంగు వెలిసిపోయి, మూలన ఒక మేకు, ఆ మేకుకి ఎవరో మర్చిపోయిన గొడుగు. ఏళ్ల తరబడి పిన్ని తెర సందులోంచి చూసిన లోకం ఇంతే.

కిటికీ వెనకాల బతుకంటే ఏంటో పిడుగుకి తెలుసు. టికెట్ కౌంటర్లో ఆమె చేసేది కూడా అదే. జనం డబ్బులు లోపలికి తోస్తారు, టికెట్ లాక్కుని పోతారు. ఆమె చేతి గాజులు గుర్తుపట్టేవాళ్లున్నారు గానీ రోడ్డు మీద ఎదురుపడితే మొహం గుర్తుపట్టినవాళ్లు లేరు. ఆమెకైతే సాయంత్రం అయ్యేసరికి డ్యూటీ దిగి జనంలో కలిసిపోయే వీలుంది. పిన్ని జనం ఉన్నప్పుడల్లా లోపలే ఉంటుంది, జనం పోయాక ఇంటికొస్తుంది. బయటికి రానంటే రావద్దు, పెళ్లినే పిన్ని ఎదురుగా తీసుకెళ్లి పెడితే సరి అనుకుంది పిడుగు. పెళ్లి కళ్లెదుట జరుగుతుంటే ఎంతసేపని గరిటె పట్టుకుని నిలబడుతుంది?

గబగబా హాల్లోకి వచ్చి, "ఈ గొడవంతా వద్దు. పెళ్లి భోజనాల గదిలో. ఉన్నదంతా ఆ ఎదురు గోడకి పెట్టండి," అని చెప్పేసింది.

మామయ్య నోరు వెళ్లబెట్టాడు. "భోజనాల గదిలో పెళ్లా! జనం నవ్విపోతారే! కూర వాసనలో నిలబడి ఫొటోలు దిగుతావా?"

"ఫొటోల్లో వాసన రాదు మామయ్యా."

అసలు గండం అత్తగారు అనుకుంది పిడుగు. అత్తగారు వెళ్లి భోజనాల గది నేల చూసింది, ఎదురు గోడ చూసింది, గుమ్మం చూసింది. "ఇక్కడ మెట్లు లేవు కదూ?" అని అడిగింది.

"లేవండీ."

"ఆ స్టేజీ మెట్లు తలచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదమ్మా. నా మోకాళ్లు నాకు తెలుసు కదా. నలుగురిలో చెప్పుకోలేక ఊరుకున్నా. ఇక్కడే కానిచ్చేయండి," అంది. తోడుగా వచ్చిన పెళ్లికొడుకు వెంటనే తలూపాడు. కళ్లద్దాల షాపులో పనిచేసే ఆ అబ్బాయికి ఒక మంచి గుణముంది, ఆడవాళ్లిద్దరూ ఒక మాట మీదకి వస్తే అడ్డం రాడు.

ఇక మిగిలింది మామయ్య. "గేటుకి అలంకారం ఎందుకు మామయ్యా, మీరు కొత్త బట్టలు కట్టుకుని నిలబడి అందరినీ ఆహ్వానిస్తే చాలదూ?" అంది పిడుగు. మామయ్య కాసేపు బిగుసుకున్నాడు. తర్వాత అద్దాల తలుపులో తన నీడ చూసుకుని, "కోటు ఇస్త్రీకి ఇవ్వాలి," అన్నాడు. దాంతో గేటు ఖర్చు మిగిలిపోయింది.

బజారు నుంచి వచ్చిన పిన్నికి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. అత్తగారి మోకాళ్లు అంది, అంతే. చెబితే పిన్ని ఆ రోజే పెళ్లిని మళ్లీ స్టేజీ ఎక్కించేదని భయం. పిన్ని కళ్లు చిన్నవి చేసి చూసింది.

"భోజనాల గదిలోనా? సరే, మోకాళ్లంటున్నావు కాబట్టి ఒప్పుకుంటున్నా. ఆ కిటికీకి మాత్రం మంచి తెర వేయించు. అంట్లూ పొగా కనిపిస్తే ఏం బాగుంటుంది?"

"అలాగే," అంది పిడుగు. పెళ్లిరోజున ఆ పాత తెర కూడా పీకించేయాలని ఆమె ఎత్తు. ఆ ముక్క డెకరేషన్ ఆయనకి చెప్పాలి కదా? చెప్పలేదు. గోడ గురించి చెప్పింది, పూల రంగు గురించి చెప్పింది, ఆ గోడే ఎందుకో మాత్రం చెప్పలేదు. తన మనసులో ఉన్నది ఊరందరికీ తెలిసినట్టే అనుకుంది పిచ్చిపిల్ల.

పెళ్లిరోజు పొద్దున భోజనాల గదిలో అడుగుపెట్టినవాళ్లు ఆగిపోయారు. రంగు వెలిసిన గోడ మాయమైంది. కింద నుంచి పైదాకా పచ్చటి ఆకులు, వాటి మీద పసుపు పూలు, అక్కడక్కడా చిన్న చిన్న దీపాలు. గొడుగు ఉన్న మేకుకి ఇప్పుడు పెద్ద పూలగుత్తి. ఖర్చంతా ఒక్క చోటే పెట్టడం వల్ల ఆ గది ఎంత ముద్దుగా ఉందంటే, మామయ్య కోటు సర్దుకుంటూ, "నేను ముందే అన్నా కదా," అన్నాడు. ఏమన్నాడో ఎవరూ అడగలేదు. పెళ్లిలో అలాంటివి అడగరు.

పిడుగు వచ్చి గోడకి వీపు పెట్టి, పెళ్లికొడుకు పక్కన నిలబడింది. తలెత్తి ఎదురుగా చూసింది.

కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట తెల్లపూల తెర. దండలు పక్కపక్కనే కుట్టి, సందన్నదే లేకుండా, గోడకి ఆ చివర నుంచి ఈ చివర దాకా కప్పేసి ఉంది. గదిలో అన్నిటికంటే అందంగా ఉన్నది అదే.

డెకరేషన్ ఆయన పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు. "మిగిలిన పూలన్నీ దానికే పెట్టానమ్మా! పాత తెర బాగోదని మీ పిన్నిగారు ప్రత్యేకంగా చెప్పారు. అయినా ఈ హాల్లో నేను ఎప్పుడూ ముందు కప్పేది ఆ కిటికీనే కదా."

ఆయన్ని ఏమనగలదు? చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకున్నది తను. తలపెట్టిందంతా ఒక్క తెరకి తుడిచిపెట్టుకుపోయింది. తెర అవతల గరిటెల చప్పుడు వినిపిస్తోంది. ఆమె పక్కన, పిన్ని నిలబడాల్సిన చోట, మామయ్య గొంతు సవరించుకుంటున్నాడు.

"మొదలుపెడదామా?" అన్నాడు పెళ్లి జరిపించే పెద్దాయన.

"ఒక్క నిమిషం," అంది పిడుగు.

బల్లల మధ్య నుంచి, కొత్త బట్టలు రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, నేరుగా ఆ పూల తెర దగ్గరికి నడిచింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెళ్లికూతురు అలిగిందేమో అని వెనక వరసలో ఒకావిడ అప్పుడే మొదలుపెట్టేసింది.

"పిన్నీ."

గరిటెల చప్పుడు ఆగిపోయింది. "ఏంటే? ఇక్కడికెందుకొచ్చావ్? వెళ్లి నీ చోట నిలబడు," అంది పూల అవతల నుంచి పిన్ని గొంతు.

"తెర తీయించు."

"బాగానే ఉందిగా? పూలు కనిపించడం లేదా నీకు?"

"నాకు పూలొద్దు, నువ్వు కనపడాలి. ఆ గోడ ఎందుకు ఎంచుకున్నానో తెలుసా? నువ్వు నిలబడే చోట నుంచి కనిపించేది అదొక్కటే. నీ చోట నిలబడి చూశా. ఉన్నదంతా తెచ్చి నీ ఎదురుగా పెట్టా. నువ్వేమో కిటికీ కప్పించేసుకున్నావ్."

పూల దండ ఒకటి లోపలి నుంచి కాస్త కదిలింది.

"మరి అత్తగారి మోకాళ్లన్నావ్?"

"మోకాళ్లు కూడా నిజమేలే," అంది పిడుగు, కళ్లు తుడుచుకుంటూ. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది అత్తగారే.

పిన్ని గొంతు తగ్గించింది. ఆ నిశ్శబ్దంలో తగ్గించినా ఒకటే, తగ్గించకపోయినా ఒకటే. "నీకు తెలీదే. వచ్చినవాళ్లలో సగం మంది ఈ హాల్లో తిన్నవాళ్లే. నన్ను చూసి, ఓహో, ఈ పిల్లని పెంచింది హాల్లో వంటమనిషా అనుకుంటారు. రేపు ఆ ఇంట్లో నీకు మాట రాకూడదనే నా బాధ. అంతేగానీ నాకు మాత్రం చూడాలని లేదా?"

"అనుకోనీ పిన్నీ. నిజమేగా! నన్ను పెంచింది వంటమనిషే. ఈ కిటికీ వెనకాలే పెంచింది. అది దాచుకుని నేనెక్కడికి పోవాలి? నువ్వు రాకపోతే మైకు తీసుకుని నేనే చెప్తా అందరికీ."

"అంత పనీ చేస్తావే నువ్వు!"

"చేస్తానని నీకు తెలుసుగా."

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తగారు లేచి, ఒక్కో బల్లనీ పట్టుకుంటూ తెర దాకా వచ్చింది. పెళ్లికొడుకు చెయ్యి అందించబోతే వద్దంది.

"వదినగారూ," అంది పూలతో. "నా కొడుకు పక్కన నేను నిలబడుతున్నా. మీ పిల్ల పక్కన మీరు నిలబడాలి. మా ఇంట్లో దానికి మాట రానివ్వను, వస్తే నన్ను అడగండి. కానీ నా మోకాళ్లు ఎంతసేపు ఓపిక పడతాయో నేను చెప్పలేను. తొందరగా వచ్చేయండి."

ఎవరికైనా కాళ్లు నొప్పులంటే పిన్ని కరిగిపోతుంది, తన కాళ్లూ అలాంటివే కాబట్టి. ఈలోగా డెకరేషన్ ఆయన తప్పంతా తనదేనన్న హడావిడిలో స్టూలెక్కి, ఒక కొస ముడి విప్పబోయి, రెండోది తెంపేశాడు. తెర మొత్తం జారి, స్టూలు పట్టుకోడానికి వచ్చి సరిగ్గా కింద నిలబడ్డ మామయ్య మీద పడింది. ఇస్త్రీ కోటు మీద తెల్లపూలు కప్పుకుని నిలబడ్డ మామయ్యని చూసి గది గదంతా గొల్లున నవ్వింది.

కిటికీలో పిన్ని నిలబడి ఉంది. చేతిలో గరిటె, నుదుటి మీద చెమట, వంటకి కట్టుకునే పాత ఏప్రన్. ఆ ఏప్రన్ కింద, పిడుగు మొదటి జీతంతో కొనిచ్చిన కొత్త బట్టలు. ఇన్నాళ్లూ మడత విప్పనివి. వంటగది దాటి రానన్న మనిషి, పొయ్యి దగ్గరికి అవి కట్టుకుని వచ్చింది. పిడుగు వాటి మీంచి చూపు తిప్పుకుని గబగబా తన చోటికి వెళ్లిపోయింది. ఆగితే ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చేవాళ్లు.

"పో అక్కా, ఇక దించడమే మిగిలింది. మాకు రాదా ఏంటి?" అని వంటలో సాయం చేసే రెండో ఆవిడ గరిటె లాక్కుని, ఏప్రన్ ముడి విప్పేసింది. పిన్ని పక్క తలుపులోంచి బయటికి వచ్చింది. బల్లల మధ్య నడుస్తుంటే ఎక్కడ చూడాలో తెలియక నేల చూస్తూ నడిచింది. సగం దూరంలో ఒక ముసలాయన లేచి నిలబడి, "ఈ హాల్లో ఇన్నేళ్లూ వండింది మీరేనా అమ్మా? మా పిల్లలిద్దరి పెళ్లిళ్లూ ఇక్కడే చేశాం. మిమ్మల్ని ఒక్కసారైనా చూడలేకపోయాం," అన్నాడు. పిన్ని తలెత్తి, "తిన్నారా?" అని అడిగింది. పెళ్లే ఇంకా అవలేదు కదమ్మా అన్నాడాయన. మళ్లీ నవ్వులు.

పిన్ని వచ్చి పిడుగు పక్కన నిలబడింది. మామయ్య పూలు దులుపుకుంటూ చోటిచ్చాడు, గొణుక్కుంటూనే అనుకోండి. "మీకు సమ్మతమేనా?" అని పెద్దాయన అడిగితే, "సమ్మతమే," అంది పిన్ని గట్టిగా. వంటగది మోతలో వినిపించేలా అరిచి మాట్లాడడం ఆమెకి అలవాటు. కిటికీలోంచి రెండో ఆవిడ గరిటెతో గిన్నె మీద గట్టిగా కొట్టింది. అలా అయిపోయింది పెళ్లి.

భోజనాల వేళకి పిన్నిని మళ్లీ వంటగదిలోకి పోనిస్తారా? అత్తగారు చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ముసలాయన తన కుటుంబాన్నంతా పిలుచుకొచ్చాడు. కూరలో ఏం వేస్తారని ఒకరు, ఇంత మందికి ఉప్పు ఎలా సరిపోతుందని ఒకరు. పిన్ని ఒక్కొక్కరికీ జవాబు చెబుతోంది, చేతులు తిప్పుతూ.

ఫొటోల వాళ్లు కాస్త వదలగానే పిడుగు చెప్పులు విప్పేసి వంటగదిలోకి తప్పించుకుంది. పొద్దుట్నుంచీ నోట్లో ఒక్క మెతుకు పడలేదు. పిన్ని కూర్చునే స్టూలు మీద తను కూర్చుని, తన పెళ్లి ప్లేట్లు చూడడం మొదలుపెట్టింది. కడిగినట్టున్నవి వచ్చాయి, సగం కొరికిన తీపి ముక్కలున్నవి వచ్చాయి. వంకవి ఒకటో రెండో వచ్చాయి, ఏ పెళ్లికి లేవు గనక. ఇంతలో కిటికీలోంచి ఒక ప్లేటు లోపలికి జరిగింది. అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. రెండు ముద్దలు తిన్న జాడ, మిగతాదంతా చల్లారిపోయింది.

"అయ్యో, ఎవరో ముట్టనే లేదు. బాగోలేదేమో," అని రెండో ఆవిడ దాన్ని పారబోయబోయింది.

"ఆగు ఆగు, అది నాకివ్వు," అంది పిడుగు.

కిటికీలోంచి బయటికి చూసింది. పచ్చటి గోడ కింద పిన్ని పగలబడి నవ్వుతోంది. ముందున్న ప్లేటు ఎవరో తీసుకెళ్లిపోయారని కూడా ఆమెకి తెలియలేదు.

పిడుగు ఆ ప్లేటు ఒళ్లో పెట్టుకుంది. "ఇంత వండి, ఇంతా వదిలేస్తావా? బుద్ధుందా నీకు?" అని పిన్నిని తిట్టుకుంటూ, చల్లారిన అన్నం కలుపుకుని, కడిగినట్టు ఖాళీ చేసింది.